విద్యార్థి ఉపగ్రహాలు, పేలోడ్లు, బెలూన్ ప్రయోగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీలో ఉండగానే అంతరిక్ష ప్రయోగం చేయాలనుకునే వాళ్లు ఏటా పెరుగుతున్నారు. కొత్త బ్యాచ్ రాగానే అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. వాటన్నిటినీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీరు ఏ దశలో ఉన్నారో చూసుకుని ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. వరసగా చదవక్కర్లేదు.

## మొదలుపెట్టే ముందు

మాది పెద్ద పేరున్న కాలేజీ కాదు. ఉపగ్రహం మా వల్ల అవుతుందా?

అవుతుంది. 2010 జులై 12న పీఎస్‌ఎల్‌వీ-సీ15 మీద వెళ్లిన స్టడ్‌శాట్‌ను చేసింది ఏ ఐఐటీయో కాదు. కర్ణాటక, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లకు చెందిన ఏడు ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు కలిసి చేశారు. బరువు కిలో కూడా లేదు. అంతకుముందు ఏడాదే చెన్నై అన్నా యూనివర్సిటీ వాళ్ల 40 కిలోల అనుశాట్ వెళ్లింది. కాలేజీ పేరు కన్నా మూడు విషయాలు ముఖ్యం: నాలుగైదేళ్లు వదలకుండా వెంట ఉండే ఒక ఫ్యాకల్టీ, రాత్రి కూడా తెరిచి ఉండే ఒక గది, పక్క కాలేజీతో కలిసి పనిచేయడానికి ఒప్పుకునే యాజమాన్యం. ఈ మూడూ లేకపోతే ముందు వాటి సంగతి చూడండి. సర్క్యూట్ డిజైన్ ఆ తర్వాత మొదలుపెట్టొచ్చు.

నేరుగా ఉపగ్రహంతో మొదలుపెట్టొచ్చా? క్యాన్‌శాట్ చేయాల్సిందేనా?

చేయాలన్న నియమం ఎక్కడా లేదు. అయినా చేయమనే చెబుతాను. క్యాన్‌శాట్ అంటే కూల్‌డ్రింక్ డబ్బా సైజులో సెన్సర్లు, రేడియో, బ్యాటరీ పెట్టి చిన్న రాకెట్ నుంచో డ్రోన్ నుంచో పారాచూట్‌తో వదిలే పరికరం. 1990ల చివర్లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ బాబ్ ట్విగ్స్ విద్యార్థుల కోసం ప్రతిపాదించిన ఆలోచన ఇది. మన దేశంలో ప్రైవేటు అంతరిక్ష పనులకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌-స్పేస్, ఆస్ట్రోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియా కలిసి కాలేజీ విద్యార్థులకు ఈ పోటీ పెడుతున్నాయి.

దీని వల్ల అసలు లాభం ఏమిటంటే ఒక పూర్తి ప్రయోగం ఒకే విద్యా సంవత్సరంలో అయిపోతుంది. డిజైన్, తయారీ, పరీక్ష, వదలడం, డేటా తీయడం, రిపోర్టు రాయడం అన్నీ అదే టీమ్ చేతుల మీదుగా జరుగుతాయి. ఉపగ్రహంలో ఆ అవకాశం చాలా తక్కువమందికి దొరుకుతుంది.

నాది బీఎస్సీ ఫిజిక్స్. సోల్డరింగ్ రాదు. నాకు ఇందులో పని ఉంటుందా?

నిజానికి మీలాంటి వాళ్లు లేకే చాలా టీమ్‌లు దెబ్బతింటున్నాయి. ఉపగ్రహం ఏం కొలవాలి, ఎంత కచ్చితంగా కొలవాలి, వచ్చిన అంకెను ఎలా నమ్మాలి అన్నవి సైన్స్ ప్రశ్నలు. సాధన కోసం ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఆదిత్య-ఎల్1, చంద్రయాన్-2 లాంటి మిషన్ల డేటా ఉచితంగా దొరుకుతుంది. ఒక సౌర జ్వాల జరిగిన రోజు ఫైల్ తీసుకుని పైథాన్‌లో గ్రాఫ్ గీయండి. వాతావరణం మీద ఆసక్తి ఉంటే తిరుపతి దగ్గర గాదంకిలో నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ ల్యాబొరేటరీ ఉంది. అక్కడి 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఏం చూస్తుందో చదివితే పేలోడ్ (ఉపగ్రహం మోసుకెళ్లే ప్రయోగ పరికరం) ఆలోచనలు వాటంతట అవే వస్తాయి. సోల్డరింగ్ అంటారా, నాలుగు వారాలు కూర్చుంటే వచ్చేస్తుంది.

చేతిలో మూడు నాలుగు వేలు ఉన్నాయి. ఈ నెలలోనే ఏదైనా చేయొచ్చా?

ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి తగిలించి రేడియో సంకేతాలు అందుకునే ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ కొనండి. రెండు అల్యూమినియం కడ్డీలు, ఒక్కోటి సుమారు 53 సెంటీమీటర్లు, మధ్య కోణం 120 డిగ్రీలు ఉండేలా వీ ఆకారంలో బిగించి మేడ మీద పెట్టండి. 137 మెగాహెర్ట్జ్ దగ్గర రష్యా మీటియర్-ఎం2 శ్రేణి వాతావరణ ఉపగ్రహాలు పంపే చిత్రాలను మీరే నేరుగా అందుకోవచ్చు.

యూట్యూబ్‌లో పాత వీడియోలన్నీ అమెరికా వాతావరణ ఉపగ్రహాలు నోవా-15, 18, 19 గురించే చెబుతాయి. ఆ మూడింటినీ 2025లో సేవ నుంచి తప్పించారు. వాటి కోసం వెతికి సమయం పోగొట్టుకోకండి. మేఘాల కింద తూర్పు తీరం గీతలు గీతలుగా మీ ల్యాప్‌టాప్‌లో దిగడం ఒక్కసారి చూస్తే టీమ్‌లో ఎవరికీ మళ్లీ ఉత్సాహం ఎక్కించక్కర్లేదు.

## టీమ్, డబ్బు

టీమ్‌లో ఎంతమంది ఉండాలి?

నిజంగా పనిచేసే వాళ్లు పదిహేను నుంచి ఇరవై మంది చాలు. పవర్, కమ్యూనికేషన్, ఆన్‌బోర్డ్ కంప్యూటర్, స్ట్రక్చర్-థర్మల్, దిశా నియంత్రణ, పేలోడ్ ఒక్కోదానికి ఇద్దరు ముగ్గురు. వీళ్లు కాక అన్ని విభాగాల మధ్యా తిరిగే సిస్టమ్స్ ఇంజినీర్ ఒకరు తప్పనిసరి. పవర్ వాళ్లు బోర్డు రెండు మిల్లీమీటర్లు పెంచితే అది స్ట్రక్చర్ వాళ్లకు చెప్పే బాధ్యత ఆ మనిషిది. అరవై మంది పేర్లతో వాట్సాప్ గ్రూప్ పెట్టినా పని మాత్రం ఐదుగురి మీదే పడుతుంది.

సీనియర్లు పాసై వెళ్లిపోగానే ప్రాజెక్టు ఆగిపోతోంది. ఏం చేయాలి?

మన దేశంలో విద్యార్థి ఉపగ్రహాలకు ఇంతకన్నా పెద్ద అడ్డంకి లేదు. ఐఐటీ బాంబే ప్రథమ్ పని 2007లో మొదలై 2016 సెప్టెంబర్‌లో నింగికి చేరింది. పుణె సీఓఈపీ విద్యార్థుల స్వయం 2008లో మొదలై 2016 జూన్‌లో వెళ్లింది. బీటెక్ నాలుగేళ్లే. అంటే మొదలుపెట్టిన వాళ్లు ఎవరూ ప్రయోగం నాటికి కాలేజీలో లేరు. అయినా ఆ ఉపగ్రహాలు పూర్తయ్యాయంటే ఒక బ్యాచ్ తర్వాతి బ్యాచ్‌కు పని సరిగ్గా అప్పగించబట్టే.

అప్పగించడం అంటే గూగుల్ డ్రైవ్ లింక్ పంపడం కాదు. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రాయాలి. “ఈ రెగ్యులేటర్ వద్దనుకున్నాం, ఎందుకంటే లోడ్ లేనప్పుడు కూడా ఇంత కరెంట్ తాగుతోంది” అని ఒక్క వాక్యం ఉంటే కొత్తవాళ్లకు రెండు నెలలు మిగులుతాయి. రెండో ఏడాది వాళ్లను ప్రతి విభాగంలో మూడో ఏడాది వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ఫైనలియర్ వాళ్లు చివరి సెమిస్టర్‌లో కొత్త పని ఏదీ తీసుకోకూడదు. తమ బోర్డును జూనియర్ ఒక్కడే ఖాళీ పీసీబీ నుంచి మొదలుపెట్టి పని చేయించగలడా అని చూడటమే వాళ్ల పని. చేయించలేకపోతే అప్పగింత ఇంకా పూర్తి కానట్టే.

డబ్బు ఎవరిస్తారు?

మొదట కాలేజీయే ఇవ్వాలి. కాలేజీ పైసా పెట్టని చోట బయటివాళ్లు నమ్మరు. ఫ్యాకల్టీ పేరుతో ఇస్రో రెస్పాండ్ పథకానికి పరిశోధన ప్రతిపాదన పంపొచ్చు. పూర్వ విద్యార్థులు చాలాచోట్ల ఆదుకుంటున్నారు. విడిభాగాల ఖర్చు అందరూ లెక్కేస్తారు. పరీక్షలకు, కస్టమ్స్ సుంకానికి, రెండో సెట్ బోర్డులకు డబ్బు పక్కన పెట్టడం మర్చిపోతారు. ఫ్లైట్ మోడల్‌తో పాటు బల్ల మీద ఎప్పుడూ నడుస్తుండే ఇంజినీరింగ్ మోడల్ కూడా కావాలి. కాబట్టి ప్రతిదీ కనీసం రెండు చొప్పున లెక్కపెట్టండి.

“మీ పేరు మీద శాటిలైట్ పంపిస్తాం, తలా ఇంత కట్టండి” అంటున్నారు. కట్టాలా?

ఒకటే అడగండి: “డిజైన్ ఫైళ్లు, సోర్స్ కోడ్ మా చేతికి ఇస్తారా? పరీక్షలప్పుడు మమ్మల్ని ఉండనిస్తారా?” అవునంటే ఆలోచించండి. తయారైన కిట్‌కు స్క్రూలు బిగించి ఫొటో దిగడమే ఉంటే ఆ డబ్బుతో ఒక ఒసిల్లోస్కోప్ కొనుక్కోవడం మేలు.

## డిజైన్

పేలోడ్‌గా ఏం పెట్టాలి? కెమెరా పెడదామనుకుంటున్నాం.

కెమెరా అనగానే అందరికీ నచ్చుతుంది. కానీ పది సెంటీమీటర్ల డబ్బాలో పట్టే లెన్స్‌తో వచ్చే చిత్రం కన్నా మంచిది ఉచితంగానే దొరుకుతోంది. ముందు ప్రశ్న ఉండాలి. పరికరం దాన్ని బట్టి వస్తుంది.

ప్రథమ్ చేసిన వాళ్లు అయనోఆవరణంలో (వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొరలో) ఎలక్ట్రాన్ల సంఖ్య కొలవాలనుకున్నారు. భూమధ్యరేఖకు ఇరువైపులా అయనోఆవరణం చిక్కబడే పట్టీల్లో ఉత్తరం వైపుది మన దేశం మీదుగానే వెళ్తుంది. జీపీఎస్, మన దేశపు నావిక్ సంకేతాల్లో తేడాలు రావడానికి అదొక కారణం. ఇక్కడివాళ్లే అడగాల్సిన ప్రశ్న అది. దాని కోసం వేరే కాలేజీల్లోనూ చిన్న గ్రౌండ్ స్టేషన్లు పెట్టించారు.

2022 ఫిబ్రవరి 14న వెళ్లిన ఇన్‌స్పైర్‌శాట్-1 ఇంకో మంచి ఉదాహరణ. తిరువనంతపురం ఐఐఎస్‌టీ, కొలరాడో యూనివర్సిటీ, సింగపూర్ ఎన్‌టీయూ, తైవాన్ ఎన్‌సీయూ కలిసి చేసిన 8 కిలోల ఉపగ్రహం. ఒక పరికరం అయనోఆవరణాన్ని, ఇంకోటి సూర్యుడి నుంచి వచ్చే మృదు ఎక్స్-కిరణాలను చూడటానికి పెట్టారు. సూర్యుడి బయటి పొర కరోనా అంత వేడిగా ఎందుకుందో తెలుసుకోవడంలో ఆ కొలతలు పనికొస్తాయి.

బయాలజీ వాళ్లకూ చోటుంది. 2024 డిసెంబర్‌లో బెంగళూరు ఆర్‌వీ కాలేజీ విద్యార్థుల ఆర్‌వీశాట్-1 మనిషి పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియా అంతరిక్షంలో ఎలా పెరుగుతుందో చూడటానికి వెళ్లింది. అదే ప్రయోగంలో ఇస్రో విక్రమ్ సారాభాయ్ కేంద్రం వాళ్ల పెట్టెలో బొబ్బర్లు నాలుగు రోజుల్లో మొలకెత్తాయి.

1U, 3U అంటే ఏమిటి?

క్యూబ్‌శాట్ అనే చిన్న ఘనాకార ఉపగ్రహాల కొలత. 10 సెంటీమీటర్ల ఘనం ఒక 1U, మూడు పేర్చితే 3U. 1999లో కాలిఫోర్నియాలోని కాల్‌పాలీ యూనివర్సిటీ ప్రొఫెసర్ జోర్డి ప్విగ్-సువారి, బాబ్ ట్విగ్స్ కలిసి నిర్ణయించిన ప్రమాణం. మొదట్లో 1U బరువు కిలో లోపే ఉండాలనేవారు. ఇప్పుడు 2 కిలోల దాకా ఒప్పుకుంటున్నారు.

1U ఉపగ్రహానికి ఎంత పవర్ వస్తుంది?

తక్కువ. ఒక ముఖం మీద రెండు మంచి సోలార్ సెల్స్ పడతాయి. ఎండ నేరుగా పడితే రెండు వాట్ల పైచిలుకు. కానీ ఉపగ్రహం తిరుగుతూ ఉంటుంది. సుమారు 95 నిమిషాల కక్ష్యలో 35 నిమిషాల దాకా భూమి నీడలో ఉండొచ్చు. సగటున ఒకటిన్నర, రెండు వాట్లు అనుకుని డిజైన్ చేయండి. రేడియో ప్రసారం చేసే నిమిషాలకే బ్యాటరీ మీద భారం ఎక్కువ. ఇంకో సంగతి: లిథియం సెల్‌ను సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లోపల పాడవుతుంది. కాబట్టి బ్యాటరీకి చిన్న హీటర్ పెట్టి, ఆ హీటర్ కరెంట్‌ను కూడా బడ్జెట్‌లో కలపండి.

బజారులో దొరికే మామూలు విడిభాగాలు అంతరిక్షంలో పనిచేస్తాయా?

చాలా వరకు పనిచేస్తాయి. విద్యార్థి ఉపగ్రహాలన్నీ దాదాపు వాటితోనే నడుస్తున్నాయి. మూడు జాగ్రత్తలు కావాలి. రేడియేషన్ కణం తగిలి మెమరీలో ఒక బిట్ తారుమారైతే ప్రాసెసర్ బిగుసుకుపోతుంది. అప్పుడు తనంతట తాను రీసెట్ చేసే వాచ్‌డాగ్ టైమర్ చిప్ బయట విడిగా ఉండాలి. రెండోది, శూన్యంలో కొన్ని ప్లాస్టిక్‌లు, జిగుర్లు ఆవిర్లు వదులుతాయి. అవి పక్కవాళ్ల కెమెరా లెన్స్ మీద పేరుకుంటాయి. అందుకే మొత్తం బరువు నష్టం 1 శాతం, తిరిగి పేరుకునే పదార్థం 0.1 శాతం దాటని వాటినే వాడనిస్తారు. మూడోది, సీసం లేని శుద్ధ తగరం పూత మీద సన్నటి లోహపు వెంట్రుకలు మొలిచి షార్ట్ చేస్తాయి. పాతకాలం సీసం-తగరం సోల్డరే వాడండి.

యాంటెన్నా ఎలా తెరుచుకోవాలి?

యూహెచ్‌ఎఫ్ యాంటెన్నాకు మన దర్జీ షాపు టేపు కాదు, వడ్రంగి వాడే స్టీలు టేపు ముక్క సరిపోతుంది. దాన్ని ఉపగ్రహం చుట్టూ వంచి నైలాన్ దారంతో కట్టేస్తారు. నైక్రోమ్ తీగ వేడెక్కి దారాన్ని కాల్చగానే టేపు చటుక్కున నిటారుగా నిలబడుతుంది. ఇంత సులువైన ఏర్పాటే అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెడుతుంది, ఎందుకంటే ఇది తెరుచుకోకపోతే మిగతా ఉపగ్రహం ఎంత బాగున్నా ఎవరికీ వినపడదు.

ల్యాబ్ గాలిలో రెండు సెకన్లలో తెగిన దారం చలిలో, బ్యాటరీ ఓల్టేజీ తగ్గినప్పుడు, శూన్యంలో అలాగే తెగుతుందని అనుకోకండి. గాలి లేనప్పుడు తీగ వేడి వేరుగా ఉంటుంది. కరెంట్ ఎక్కువైతే దారం కన్నా ముందు తీగే తెగొచ్చు. రెండు తీగలు, రెండు వేర్వేరు స్విచ్‌లు పెట్టండి. తెరుచుకుందో లేదో తెలియకపోయినా ప్రతి కొన్ని గంటలకు సాఫ్ట్‌వేర్ మళ్లీ ప్రయత్నించాలి. క్యూబ్‌శాట్ ప్రమాణం ప్రకారం రాకెట్ నుంచి విడిపోయాక 30 నిమిషాల వరకు ఏదీ తెరవకూడదు, 45 నిమిషాల వరకు రేడియో ఆన్ చేయకూడదు. ఆ టైమర్ మధ్యలో రీసెట్ అయితే ఏమవుతుందో కూడా పరీక్షించండి.

## పరీక్షలు

మా కాలేజీలో వైబ్రేషన్ టేబుల్, థర్మోవాక్ ఛాంబర్ (శూన్యంలో వేడి, చలి పరీక్షించే పెట్టె) లేవు. ఎలా?

చాలా కాలేజీల్లో లేవు. ప్రయోగ ఒప్పందం కుదిరాక ఇస్రో లేదా ఇన్‌-స్పేస్ కేంద్రాల్లో చేయించుకునే వీలుంటుంది. దానికి ముందు కూడా ఆటోమొబైల్, రక్షణ రంగాలకు సేవలిచ్చే టెస్టింగ్ ల్యాబ్‌లలో గంటల లెక్కన వైబ్రేషన్ చేయించుకోవచ్చు. హైదరాబాద్, బెంగళూరుల్లో ఇలాంటివి ఉన్నాయి. వెళ్లేముందు ప్రతి స్క్రూ తల మీద పెయింట్ గీత పెట్టండి. పరీక్ష తర్వాత ఆ గీత జరిగితే స్క్రూ వదులైనట్టు కంటికే తెలుస్తుంది.

ఎంతకాలం పరీక్షించాలి?

కట్టడానికి పట్టినంత కాలం. ఇందులో నాకు రెండో మాట లేదు. ఉపగ్రహాన్ని పూర్తిగా బిగించి, అన్ని వైర్లూ తీసేసి, బ్యాటరీ-సోలార్ మీదే వారాల తరబడి నడపండి. ఆదేశాలన్నీ రేడియో ద్వారానే ఇవ్వండి. మధ్యలో ఎవరూ యూఎస్‌బీ కేబుల్ పెట్టకూడదు. మొదటిసారి ఉపగ్రహం చేసిన యూనివర్సిటీల్లో చాలామందికి కక్ష్య నుంచి ఒక్క మాట కూడా రాలేదు. అలాంటి వైఫల్యాల్లో ఎక్కువ భాగం నేల మీదే బయటపడగలిగినవి. ప్రయోగం తేదీ దగ్గరపడుతోందని కోత పడేది ఎప్పుడూ ఈ దశకే. పేలోడ్‌లో ఒక సెన్సర్ తగ్గించుకోండి గానీ ఈ వారాలు వదులుకోకండి.

## అనుమతులు, ప్రయోగం

ఫ్రీక్వెన్సీ ఎవరిని అడగాలి? ఎప్పుడు?

డిజైన్ గట్టిపడగానే, అంటే ప్రయోగానికి ఏడాదిన్నర, రెండేళ్ల ముందే. దేశంలో టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం, అంతర్జాతీయంగా టెలికాం సంస్థ ఐటీయూ. 145.8–146, 435–438 మెగాహెర్ట్జ్ లాంటి హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) బ్యాండ్లు వాడితే అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో సంఘం ఐఏఆర్‌యూ సమన్వయం కూడా కావాలి. అక్కడ “ఇది అమెచ్యూర్ రేడియోకు ఏ విధంగా ఉపయోగం?” అని సూటిగా అడుగుతారు. ఉపగ్రహానికి ఇన్‌-స్పేస్ అనుమతి వేరే. పని ముగిశాక ఉపగ్రహం ఎన్నేళ్లలో కిందికొచ్చి కాలిపోతుందో లెక్క చూపించాలి. 2030 కల్లా వ్యర్థాలు మిగల్చని ప్రయోగాలు చేయాలని ఇస్రో లక్ష్యం పెట్టుకుంది కాబట్టి ఆ లెక్క శ్రద్ధగా చేయండి.

హ్యామ్ లైసెన్స్ టీమ్‌లో అందరికీ కావాలా?

గ్రౌండ్ స్టేషన్ నుంచి ఆదేశం పంపే వాళ్లకు కావాలి. వినడానికి మాత్రమే అయితే అంత పట్టింపు లేదు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌లో మోర్స్ పరీక్ష ఉండదు. మొదటి ఏడాదే రాసేయండి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో దశాబ్దాలుగా ఈ శిక్షణ ఇస్తోంది.

పోయెమ్ అంటే ఏమిటి? సొంత ఉపగ్రహం కన్నా అది మేలా?

పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ తన పని అయ్యాక వ్యర్థంగా తిరుగుతూ ఉండేది. దానికి సోలార్ ప్యానెళ్లు, దిశా నియంత్రణ పెట్టి ప్రయోగశాలగా మార్చారు. అదే పోయెమ్. 2022 జూన్‌లో మొదటిది. 2024 డిసెంబర్ 30న స్పేడెక్స్‌తో వెళ్లిన నాలుగో పోయెమ్‌లో 24 పేలోడ్లు ఉన్నాయి. 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్‌తో వెళ్లిన మూడో పోయెమ్‌లో తిరువనంతపురం ఎల్‌బీఎస్ మహిళా ఇంజినీరింగ్ కాలేజీ అమ్మాయిల వీశాట్ ఉంది.

మొదటిసారి చేసే కాలేజీకి నేను పోయెమ్‌నే సూచిస్తాను. పవర్, దిశ, భూమికి డేటా పంపడం చాలా వరకు వాళ్లే చూసుకుంటారు. మీరు మీ ప్రయోగం మీద దృష్టి పెట్టొచ్చు. కొన్ని నెలల్లోనే దాని ఆయుష్షు తీరిపోతుంది కాబట్టి దీర్ఘకాల కొలతలకు మాత్రం సరిపోదు.

రాకెట్ ఫెయిలైతే మా పనంతా వృథానా?

జరుగుతుంది. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగంలో 750 మంది పాఠశాల విద్యార్థినులు చేసిన ఆజాదీశాట్ ఉంది. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన కంపనాలతో సెన్సర్లు అయోమయపడి రాకెట్ తప్పు కక్ష్యలోకి వెళ్లింది. ఉపగ్రహం పోయింది. ఆరు నెలల్లో, 2023 ఫిబ్రవరి 10న, ఆజాదీశాట్-2 అదే రకం రాకెట్ మీద సరైన కక్ష్యకు చేరింది. డిజైన్ ఫైళ్లు, విడిభాగాల రెండో సెట్, పరీక్షల రికార్డు చేతిలో ఉంటే మళ్లీ కట్టడం మొదటిసారంత కష్టం కాదు.

బెలూన్ ఎగరేయడానికి అనుమతి కావాలా? హైదరాబాద్ బెలూన్ కేంద్రంలో అవకాశం ఉందా?

చిన్న లేటెక్స్ బెలూనైనా విమానాల దారిలోకి వెళ్తుంది. పౌర విమానయాన అధికారుల అనుమతి, స్థానిక పోలీసుల సమాచారం లేకుండా వదలకండి.

హైదరాబాద్‌లో టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) బెలూన్ కేంద్రం స్థాయి వేరు. అక్కడి పెద్ద పాలిథిన్ బెలూన్లు 40 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తాయి. 2005 ఏప్రిల్‌లో ఒక బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలి నమూనాలు తెచ్చింది. జీవశాస్త్ర పరిశోధన సంస్థలు హైదరాబాద్ సీసీఎంబీ, పుణె ఎన్‌సీసీఎస్ పరీక్షిస్తే భూమ్మీద అంతకుముందు గుర్తించని మూడు బ్యాక్టీరియా జాతులు బయటపడ్డాయి. వాటిలో ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. అక్కడ మీ పరికరం పంపాలంటే ఫ్యాకల్టీ ద్వారా శాస్త్రీయ ప్రతిపాదనతో వెళ్లాలి. ఇంకోటి: పొలంలో ఎప్పుడైనా పారాచూట్‌తో పెట్టె దిగితే తెరవొద్దని, దాని మీదున్న నంబర్‌కు ఫోన్ చేయమని ఊళ్లో వాళ్లకు చెప్పండి. అందులో ఎవరిదో కొన్నేళ్ల కష్టం ఉంటుంది.

## కక్ష్యలోకి వెళ్లాక

విడిపోయిందని ప్రకటించారు గానీ సిగ్నల్ రావడం లేదు. ఏం చేయాలి?

మొదటి రోజే నిరాశపడకండి. ఒకేసారి చాలా ఉపగ్రహాలు వదిలితే వాటిలో మీది ఏదో కక్ష్య వివరాల్లో తేలడానికి రోజులు పడుతుంది. 2017లో పీఎస్‌ఎల్‌వీ-సీ37 ఒక్కటే 104 వదిలింది. కాబట్టి ఆ గుంపులోని ఒక్కో కక్ష్యతో ప్రయత్నించండి. 437 మెగాహెర్ట్జ్ దగ్గర ఉపగ్రహం వేగం వల్ల (డాప్లర్ ప్రభావం) ఫ్రీక్వెన్సీ ఇటు పది, అటు పది కిలోహెర్ట్జ్ జరుగుతుంది. ఒక పాస్ (ఉపగ్రహం మీ ఆకాశం మీదుగా ఒకసారి వెళ్లడం) పది పన్నెండు నిమిషాలకు మించదు, రోజుకు నాలుగైదే దొరుకుతాయి. సాట్‌నాగ్స్ లాంటి అంతర్జాతీయ నెట్‌వర్క్‌లో మీ బీకన్ (ఉపగ్రహం పదేపదే పంపే గుర్తింపు సంకేతం) వివరాలు ముందే పెట్టి ఉంచితే వేరే దేశంలో ఎవరో ఒక హ్యామ్ మీకన్నా ముందు విని చెబుతారు. అంతా రికార్డ్ చేయండి. వినపడలేదనుకున్న ఫైల్‌లో బలహీనమైన గీత తర్వాత కనపడొచ్చు.

వచ్చిన డేటా ఏం చేయాలి?

బహిరంగంగా పెట్టండి. కాలిబ్రేషన్ వివరాలు, కోడ్ కూడా కలిపి. బ్యాటరీ ఉష్ణోగ్రత లాంటి మామూలు టెలిమెట్రీ కూడా తర్వాతి కాలేజీకి బంగారమే.

## చదువు, ఉద్యోగం

ఈ ప్రాజెక్టు చేస్తే ఇస్రోలో ఉద్యోగం వస్తుందా?

నేరుగా రాదు. సైంటిస్ట్/ఇంజినీర్ ఎస్‌సీ పోస్టులకు రాత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. బీటెక్‌లో 65 శాతం లేదా 6.84 సీజీపీఏ అడుగుతూ వచ్చారు. ప్రాజెక్టు ఉందని మినహాయింపు లేదు. అయితే ఇంటర్వ్యూలో “నీ బోర్డు ఎందుకు వేడెక్కింది?” అని అడిగితే మీ దగ్గర సొంత జవాబు ఉంటుంది. హైదరాబాద్‌లోనే స్కైరూట్, ధ్రువ స్పేస్ లాంటి కంపెనీలున్నాయి. 2022 నవంబర్‌లో స్కైరూట్ విక్రమ్-ఎస్ రాకెట్, ధ్రువ థైబోల్ట్ ఉపగ్రహాలు ఒకే నెలలో వెళ్లాయి. అలాంటిచోట చేత్తో పనిచేసిన అనుభవానికి విలువ ఎక్కువ.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాను. ఇక్కడి క్యూబ్‌శాట్ ల్యాబ్‌లో చేరొచ్చా?

చాలా యూనివర్సిటీ ల్యాబ్‌లలో చేరొచ్చు. అన్నిట్లో కాదు. ఐటార్ లాంటి ఎగుమతి నియంత్రణల పరిధిలో ఉన్న ప్రాజెక్టులకు విదేశీ విద్యార్థులను తీసుకోరు. చేరేముందే ప్రొఫెసర్‌ను, యూనివర్సిటీ ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ ఆఫీసును అడగండి. నాసా ఇంటర్న్‌షిప్‌లకు సాధారణంగా అమెరికా పౌరసత్వం కావాలి. అప్లై చేసి బాధపడేకన్నా ప్రచురించే స్వభావమున్న పరిశోధన ల్యాబ్‌లు వెతుక్కోండి.

మార్కులు తగ్గుతాయని ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

వాళ్ల భయంలో నిజం ఉంది. రాత్రుళ్లు ల్యాబ్‌లో కూర్చుని ఇంటర్నల్స్ వదిలేసిన పిల్లలను చూశాను. కాలేజీతో మాట్లాడి ఈ పనిని మినీ ప్రాజెక్టుగానో, మేజర్ ప్రాజెక్టుగానో, క్రెడిట్లున్న ఎలెక్టివ్‌గానో గుర్తించమని అడగండి. సెమిస్టర్ పరీక్షలకు మూడు వారాల ముందు ల్యాబ్‌కు తాళం వేసే నియమం టీమే పెట్టుకోవాలి. అమ్మానాన్నలను ఒకరోజు ల్యాబ్‌కు తీసుకురండి. బల్ల మీది బోర్డు చూపించి ఏ భాగం ఏం చేస్తుందో తెలుగులో మీరే చెప్పండి. అలా చూసి వెళ్లాక ఒప్పుకున్న ఇళ్లు చాలానే ఉన్నాయి.